చేత్తో చేశానన్న ధీమా

పసిపిల్లల బొమ్మలు కుట్టి అమ్ముకునే నేను, పసిపిల్లల నోటి గురించి చాలాకాలం ఆలోచించలేదు. రంగు ఆలోచించాను, అందం ఆలోచించాను, ఎంతకమ్మితే గిట్టుతుందో ఆలోచించాను. ఏ వస్తువు చేతికిచ్చినా ఏడాది లోపు బిడ్డ ముందు దాన్ని నోట్లో పెట్టుకుంటుందని, పిల్లల్ని కని పెంచినదాన్ని, నాకు తెలియదా? తెలుసు. తెలిసిన సంగతిని సూదీదారం దగ్గరికి తెచ్చుకోలేదు. ఈ పనిలో అంతకు మించిన తెలివితక్కువతనం లేదు. ఇప్పుడు దాచుకోకుండా రాయడానికి ఒకటే కారణం. నాలాగే ఇంటి వరండాలో మిషన్ వేసుకుని పిల్లల వస్తువులు కుట్టే ఆడవాళ్లు మన పల్నాడులో, గుంటూరులో ఊరూరా ఉన్నారు. నాకున్న ధీమాయే వాళ్లకూ ఉండి ఉంటుందని నా భయం.

మాది ధరణికోట. అమరావతిని ఆనుకుని కృష్ణ ఒడ్డున ఉంటుంది. సాతవాహనుల కాలపు ధాన్యకటకం ఇదేనని చిన్నప్పుడు బడిలో చెప్పారు. అమరేశ్వరుడి గుడికీ, మ్యూజియానికీ, ధ్యానబుద్ధుడి విగ్రహం దగ్గరికీ వచ్చే జనం ఏడాది పొడుగునా మా పక్కనే తిరుగుతుంటారు. మంగళగిరి చేనేత బట్టలో మిగిలిన కట్‌పీసులు తెచ్చుకుని చిలకలు, ఏనుగులు, గుర్రాలు కుట్టేదాన్ని. ఉయ్యాల మీద కట్టే చిలకల దండలు చేసేదాన్ని. చెక్క గిలక్కాయలు పట్టించి తెచ్చి రంగులు వేసేదాన్ని. బారసాలకూ అన్నప్రాశనకూ కానుకగా ఇవ్వడానికి ఎక్కువగా కొనేవాళ్లు. శివరాత్రి తిరునాళ్లలో అరుగు మీద పెడితే సాయంత్రానికి ఖాళీ అయ్యేవి. తర్వాత వాట్సాప్‌లో ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాను. గుంటూరు, నరసరావుపేట, సత్తెనపల్లి నుంచి అడిగి తెప్పించుకునేవాళ్లు.

ప్రతి బొమ్మకూ ఒక అట్టముక్క కట్టేదాన్ని. దాని మీద మూడు మాటలు అచ్చు వేయించాను: ప్రాచీన ధాన్యకటక సంప్రదాయం, రసాయనాలు లేనిది, నూరుశాతం సురక్షితం. ఆ మూడింటిలో ఒక్కటి కూడా నిజం కాదు. అబద్ధమాడాలని రాయలేదు. నిజమేనని నమ్మి రాశాను. అందుకే వాటిని ఒక్కొక్కటిగా విప్పి చెప్పుకోవాలి.

మొదట సంప్రదాయం సంగతి. గుడ్డ చిలకలు కుట్టడం నాకు మా మేనత్త నేర్పింది. ధాన్యకటకానికీ ఆ చిలకలకూ ఏ సంబంధమూ లేదు. ఊరి పేరు గొప్పది కాబట్టి నా వస్తువుకూ ఆ గొప్పతనం అంటుకుంటుందనుకున్నాను. పైగా రెండు వేల ఏళ్ల నాటి పద్ధతి అంటే అది మంచిదే అయ్యుంటుందని కొనేవాళ్లు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మా ఊరి చరిత్రే నా ఆలోచన తప్పని చెబుతోంది. సాతవాహనులు సీసంతో నాణేలు కొట్టారు. ఆంధ్రదేశంలో దొరికిన వాళ్ల నాణేల్లో సీసపువి ఎన్నో ఉన్నాయి. సీసం ఈ నేల మీద రెండు వేల ఏళ్లుగా మనుషుల చేతుల్లో తిరిగిన లోహమే. పాతదైనంత మాత్రాన అది పిల్లలకు మంచిదైపోలేదు. కాలం గడిచిందన్నది ఒక వస్తువు మనతో ఎంతకాలంగా ఉందో చెబుతుంది. అది బిడ్డకు హాని చేస్తుందో లేదో చెప్పదు.

రెండోది, రసాయనాలు లేనిది అన్న మాట. చేనేత బట్ట కదా, చెక్క కదా, ఇందులో రసాయనం ఎక్కడిదనుకున్నాను. కానీ ఆ చెక్క గిలక్కాయలకు నేను వేసింది ఎనామిల్ పెయింటు. ఇంటి గేటుకు వేయగా మిగిలిన డబ్బాలు ఉంటే అవి వాడాను. చాలకపోతే హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికినది తెచ్చాను. డబ్బా మీద ఏం రాసి ఉందో ఒక్కసారి కూడా చదవలేదు. ఎరుపు, పసుపు బాగా మెరవాలన్నదే నా చూపు. ముదురు పసుపు, నారింజ, ఎరుపు రంగుల కోసం సీసం కలిపిన పొడులు దశాబ్దాలుగా పెయింట్లలో వాడారని తర్వాత తెలిసింది.

మన దేశంలో ఇళ్లకు వేసే, అలంకరణకు వాడే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదని 2016లో నిబంధన వచ్చింది. 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద ఆ సంగతి ముద్రించాలి కూడా. పరిశ్రమల్లో యంత్రాలకు, ఇనుప సామానుకు వేసే పెయింట్లకు ఆ నిబంధన వర్తించదు. నేను తెచ్చిన చవక డబ్బాలు ఏ రకమో, మా గేటు డబ్బా ఏ సంవత్సరానిదో ఇవాళ చెప్పలేను. చెప్పలేకపోవడమే నా నేరం. బిడ్డ చప్పరించే గిలక్కాయకు ఏ రంగు వేశానో నాకే తెలియదు.

పెద్దవాళ్ల ఒంట్లోకి ఇంకే సీసం కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పసిపిల్లల ఒంట్లోకి ఇంకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతవరకైతే ఫరవాలేదనే మోతాదు సీసానికి లేదనీ అంటోంది. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఆ నష్టాన్ని తిరిగి పూడ్చలేం. జ్వరంలాగా, వాంతుల్లాగా వెంటనే బయటపడేది కాదు కాబట్టి తల్లికి అనుమానం కూడా రాదు. నాలుగేళ్ల తర్వాత పిల్లాడు బళ్లో వెనకబడితే, పాలు తాగే వయసులో చప్పరించిన గిలక్కాయను ఎవరు గుర్తుచేసుకుంటారు? ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఉండకూడనంత సీసం ఉందని యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థ కలిసి 2020లో అంచనా వేశాయి. పాత బ్యాటరీలు కరిగించే చోట్ల నుంచి కొన్ని రకాల మసాలా పొడుల దాకా దానికి దారులు చాలా ఉన్నాయి. ఆ దారుల్లో నా చేత్తో ఒకటి కలిపి ఉంటానేమోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

గుడ్డ బొమ్మల లోపలి దూది సంగతీ చెప్పాలి. పాత పరుపులు విప్పి ఆ దూదిని ఎండబెట్టి, ఏకించి నింపాను. పత్తి పండే ప్రాంతం మాది, కొత్త దూదికి కరువు లేదు. నాలుగు డబ్బులు మిగులుతాయని అలా చేశాను. ఏళ్ల తరబడి మనుషులు పడుకున్న పరుపులోని దుమ్మును కొత్త బట్టలో కట్టి బారసాల కానుకగా పంపాను.

సహజం అన్న మాట నిజంగా అనగలిగినవాళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, తిరిగే చెక్క మీద రంగు కలిపిన లక్కను ఒత్తి, ఆ వేడికే పూత పట్టిస్తారు. అక్కడ కూడా ఒక దశలో రసాయన రంగులు రాజ్యమేలాయి. సి.వి. రాజు గారు వాటిని వదిలి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతిని మళ్లీ నిలబెట్టడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ రంగులు వాళ్లకు ఊరికే రాలేదు. ఏ ఆకు ఏ రంగునిస్తుందో, లక్కలో ఎంత కలిస్తే నిలుస్తుందో ప్రయోగాలు చేసి తేల్చుకున్నారు. నేను చేసిందల్లా వాళ్ల మాటను అరువు తెచ్చుకుని నా అట్టముక్క మీద అచ్చు వేయించుకోవడం.

మూడోది సురక్షితం. దీని గురించి రాయడానికే నా చెయ్యి వెనకాడుతోంది.

సత్తెనపల్లి నుంచి ఒకమ్మాయి తన బిడ్డకు చిలకల దండ తెప్పించుకుంది. ప్రతి చిలక ముక్కు కింద ఒక ఇత్తడి మువ్వ, రెక్కల మీద అద్దాలు, కళ్లకు నల్ల పూసలు. మువ్వ మోగితే బిడ్డ అటు తిరిగి చూస్తుందని నేనే గొప్పగా చెప్పేదాన్ని. ఒకరోజు ఆ అమ్మాయి ఫొటో పంపింది. అరచేతిలో మువ్వ, దానికి తెగిన దారప్పోగు. “అక్కా, ఇది పాప నోట్లోంచి తీశాను. పెదవుల దగ్గరే కనబడబట్టి సరిపోయింది” అని రాసింది. ఒక్క మాట కోపంగా అనలేదు.

నేనేం జవాబిచ్చానో చెప్పడమే ఈ రాతలో అన్నిటికంటే కష్టమైన పని. “పసిపిల్ల దగ్గర కనిపెట్టుకుని ఉండాలి కదమ్మా” అన్నాను. తప్పు ఆమె మీదికి తోశాను. ఇంట్లో వంట, అత్తమామల పని, రాత్రుళ్లు నిద్రలేమి, వీటి మధ్య బిడ్డ మీద రెప్ప వాల్చకుండా కూర్చోవడం ఎవరికి సాధ్యం? నాకు సాధ్యమైందా? తల్లి చూపు పక్కకు తిరిగిన ఆ ఒక్క నిమిషంలో కూడా హాని చేయకుండా ఉండేదే బొమ్మ. చూస్తూ ఉంటేనే ప్రమాదం కానిది కత్తిపీట.

ఆ రాత్రి మిగిలిన చిలకలన్నీ ముందేసుకుని మువ్వలు లాగి చూశాను. ఊడనివి తక్కువ, ఊడినవి ఎక్కువ. ఆ తర్వాతే చట్టం ఏమంటుందో, ప్రమాణాలు ఏమంటున్నాయో అడిగి, చదివి తెలుసుకున్నాను. ముందే చేయాల్సిన పని అది.

మన దేశంలో బొమ్మలకు ఐఎస్ 9873 అన్న ప్రమాణం ఉంది. దానికి కొన్ని భాగాలున్నాయి. ఒకటి వస్తువు నిర్మాణం గురించి, ఒకటి నిప్పంటుకునే గుణం గురించి, ఒకటి హానికర లోహాల గురించి, ఒకటి ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే థాలేట్ల గురించి. కరెంటుతో, బ్యాటరీతో నడిచే బొమ్మలకు ఐఎస్ 15644 వేరుగా ఉంది. పేరు వింటే కాగితాల కట్టలా అనిపించింది. లోపలికి వెళ్లి చూస్తే ప్రతి నిబంధన వెనకా ఎక్కడో ఒక బిడ్డ ఉంది.

మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఒక చిన్న గొట్టంతో పరీక్ష చేస్తారు. గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది. లోతు ఒకవైపు 25.4, మరోవైపు 57.1 మిల్లీమీటర్లు. బొమ్మగానీ, లాగినప్పుడు ఊడివచ్చిన ముక్కగానీ ఏదో ఒక వైపు తిప్పినప్పుడు ఆ గొట్టంలో పూర్తిగా దిగిపోతే అది బిడ్డ గొంతుకు అడ్డం పడగలదని లెక్క. మన పది రూపాయల బిళ్ల వ్యాసం 27 మిల్లీమీటర్లు. అదే అందులో దిగిపోతుందంటే నా మువ్వలు, గుండీలు, పూసలు, అద్దాల సంగతి చెప్పేదేముంది? గుడ్డ బొమ్మల కుట్లను సుమారు 7 కిలోల బరువుకు సరిపడే బలంతో లాగి, 10 సెకన్లు అలాగే పట్టి ఉంచుతారు. కుట్టు విడిపోయి లోపలి దూది బయటికి రాకూడదు. లోపల నింపినది శుభ్రంగా, పురుగూ పుట్రా లేకుండా ఉండాలి. నా పాత పరుపుల దూది ఆ ఒక్క వాక్యం దగ్గరే ఓడిపోయింది.

తాళ్ల సంగతి మరీ భయపెట్టింది. ఏడాదిన్నర లోపు పిల్లల బొమ్మకు వేలాడే తాడు 22 సెంటీమీటర్లు, అంటే సుమారు జానెడు, మించకూడదు. మెడకు చుట్టుకుంటుందని ఆ కొలత. ఉయ్యాలకు అడ్డంగా కట్టే దండనైతే బిడ్డ చేతులూ మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే తీసేయాలి, ఆ హెచ్చరిక బొమ్మతోపాటే రాసి ఇవ్వాలి. నా చిలకల దండలు మూరెడు పైనే ఉండేవి. ఎప్పుడు విప్పెయ్యాలో ఒక్క తల్లికీ చెప్పలేదు.

రంగుల పరీక్ష ఎలా చేస్తారో తెలిశాక మాత్రం ఆ పద్ధతి పెట్టినవాళ్లకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. బొమ్మ మీది రంగును గీకి, కడుపులోని ఆమ్లం లాంటి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, ఒంటివేడి దగ్గర రెండు గంటలు ఉంచుతారు. అంటే బిడ్డ మింగితే కడుపులో ఏం జరుగుతుందో అదే బయట చేసి చూస్తారు. అప్పుడు సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, క్రోమియం, పాదరసం, ఆంటిమొనీ, బేరియం, సెలీనియం, ఈ ఎనిమిది ఎంతెంత దిగాయో కొలుస్తారు. సీసానికి హద్దు కిలోకు 90 మిల్లీగ్రాములు.

ఇక చట్టం. కేంద్రంలోని పరిశ్రమల ప్రోత్సాహక శాఖ 2020 ఫిబ్రవరి 25న బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. 2021 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిన ఏ బొమ్మకైనా ఐఎస్ఐ గుర్తు ఉండాలి. దాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చే లైసెన్సుతోనే వేయాలి. గుర్తు లేకుండా తయారుచేసినా, అమ్మినా రెండేళ్ల దాకా జైలు, లేదా మొదటిసారికి కనీసం 2 లక్షల రూపాయల జరిమానా పడుతుందని 2016 నాటి ఆ సంస్థ చట్టం చెబుతోంది. ఇంత గట్టి చట్టం ఊరికే రాలేదు. 2019లో భారత నాణ్యతా మండలి దిగుమతి బొమ్మలను పరీక్షిస్తే దాదాపు 67 శాతం నమూనాలు తప్పాయి.

ఈ ఉత్తర్వు గురించి మా డ్వాక్రా గ్రూపులో మొదట విన్నప్పుడే, “మనలాంటి చేతిపనివాళ్లకు మినహాయింపు ఉందంట” అన్న మాట కూడా విన్నాను. ఆ సగం మాట విని నిశ్చింతగా కూర్చున్నాను. మినహాయింపు ఉన్నది నిజమే, 2020 డిసెంబరులో ఉత్తర్వును సవరించి ఇచ్చారు. కానీ అది చేత్తో పనిచేసే ప్రతివాళ్లకూ కాదు. కేంద్ర జౌళి శాఖ కింద ఉన్న హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తామే తయారుచేసి తామే అమ్మే వస్తువులకు ఒకటి. భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులను, ఆ గుర్తింపు నమోదు చేసుకున్నవాళ్లూ, వాడుకునే అధికారం పొందినవాళ్లూ చేస్తే వాటికి రెండోది. కొండపల్లి బొమ్మలకు, ఏటికొప్పాక బొమ్మలకు, నిర్మల్ బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. మన పల్నాడులో దుర్గి రాతి శిల్పాలకు కూడా ఉంది. దుర్గి మన జిల్లాలోదే కదా అని ధరణికోటలో గుడ్డ చిలకలు కుట్టే నాకు ఆ నీడ రాదు. అప్పటికి నా పేరు ఏ జాబితాలోనూ లేదు. కొన్నేళ్లుగా చట్టం ముందు దోషిగా ఉన్నానన్నమాట. ఆ సంగతి కూడా నాకు తెలియదు.

తెలిశాక మొదట నాకు కోపమే వచ్చింది. అది కూడా దాచను. లక్షల్లో బొమ్మలు పోసే ఫ్యాక్టరీకీ, వారానికి పాతిక చిలకలు కుట్టే నాకూ ఒకే లైసెన్సా? ఒక్కో రకానికి ల్యాబు పరీక్షలకయ్యే ఖర్చు నా ఏడాది లాభం కంటే ఎక్కువ. పేదవాళ్ల పొట్టకొట్టే చట్టం అని గ్రూపులో గట్టిగా మాట్లాడాను. ఆ బాధలో న్యాయం లేకపోలేదు. ఈ మాట అన్నది నేనొక్కదాన్నే కూడా కాదు. 2007లో అమెరికాలో పెద్ద కంపెనీల బొమ్మల మీద సీసం రంగు బయటపడి లక్షల బొమ్మలు వెనక్కి తెప్పించారు. మరుసటి ఏడాది ఆగస్టులో అక్కడ కఠినమైన చట్టం చేశారు. ఇళ్లలో చెక్కబొమ్మలు, గుడ్డబొమ్మలు చేసుకునేవాళ్లు పరీక్షల ఖర్చు మోయలేమని గగ్గోలు పెట్టారు. 2011లో ఆ చట్టాన్ని సవరించి, కొద్దికొద్దిగా తయారుచేసే చిన్నవాళ్లకు కొన్ని బయటి పరీక్షల నుంచి వెసులుబాటిచ్చారు.

ఆ సవరణలో ఒక సంగతి నా కోపాన్ని చల్లార్చింది. ఎంత చిన్నవాళ్లయినా కొన్నిటికి మాత్రం బయటి పరీక్ష తప్పదని అందులో ఉంచేశారు. రంగులో సీసం, గొంతుకు అడ్డంపడే చిన్న ముక్కలు ఆ కొన్నిటిలో ఉన్నాయి. సరిగ్గా ఆ రెండింటి దగ్గరా నేను తప్పాను. ఖర్చు దగ్గర ఎంతైనా బేరమాడొచ్చు, కాగితాల దగ్గర ఆడొచ్చు. బిడ్డ గొంతు దగ్గర, బిడ్డ మెదడు దగ్గర బేరం లేదు. పాతిక చిలకలు కుట్టినా పాతిక లక్షలు పోసినా, మువ్వ ఊడితే అది అడ్డం పడేది ఒకే కొలత గొంతులో.

అప్పుడే మినహాయింపు అంటే ఏమిటో నాకు సరిగ్గా అర్థమైంది. అది నమోదైన కళాకారుడికి ముద్ర వేయించుకునే భారం మాత్రమే తప్పిస్తుంది. బాధ్యతను తీసెయ్యదు. ఫ్యాక్టరీ బొమ్మను పరీక్షించడానికి ల్యాబు ఉంది, తనిఖీ ఉంది. నా బొమ్మకు, నా చేతులూ నా మనస్సాక్షీ తప్ప ఇంకెవరూ లేరు. అంటే మినహాయింపు ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. నేను దాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాను.

ఆ తర్వాత సత్తెనపల్లి అమ్మాయికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. వాట్సాప్‌లో కొన్నవాళ్లందరికీ రాసి, దండలు విప్పెయ్యమని, గిలక్కాయలు పిల్లలకివ్వొద్దని చెప్పాను. డబ్బు వెనక్కి ఇచ్చాను. తిరునాళ్లలో కొనుక్కున్నవాళ్ల పేర్లు, ఊర్లు మాత్రం నా దగ్గర లేవు. ఆ గిలక్కాయలు ఇవాళ ఏ ఇంట్లో, ఏ బిడ్డ చేతిలో ఉన్నాయో నాకు తెలియదు. వాటిని వెనక్కి తెచ్చుకునే దారి లేదు. నాకు మిగిలిన అన్ని తప్పుల కంటే ఇది బరువు. అందుకే ఇప్పుడు ఏ రోజు ఏ బట్టతో, ఏ దారంతో, ఏ రంగుతో ఎన్ని చేశానో, ఎవరికి అమ్మానో పుస్తకంలో రాసిపెడుతున్నాను. అట్టముక్క మీద నా ఫోన్ నంబరు, తయారైన నెల ఉంటాయి.

హస్తకళాకారుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టి, అది వచ్చేదాకా బొమ్మలు ఆపి, పక్కబట్టలు, సంచులు కుట్టాను. ఇప్పుడు కుట్టే చిలకలకు కళ్లు దారంతోనే కుడతాను. పూసలు, అద్దాలు, మువ్వలు లేవు. కొత్త దూదే నింపుతాను. కుట్టు రెండు వరసలు వేస్తాను. ప్రతి విడతలో కొన్నిటికి 7 కిలోలు తూచిన ఇసుక సంచి వేలాడదీసి చూస్తాను. వెల్డింగ్ షాపులో 31.7 మిల్లీమీటర్ల గొట్టం కోయించి మిషన్ పక్కన పెట్టుకున్నాను. చెక్కకు రంగు వేయడం మానేశాను. ఈ పరీక్షలు ల్యాబుకు సాటి రావు. కానీ నేను చేసిన ఘోరాల్లో మువ్వ, గుండీ, కుట్టు, తాడు, ఇవన్నీ ఇంట్లోనే పట్టుబడేవి. పాట పాడే బొమ్మ కావాలని అడిగేవాళ్లున్నారు. చెయ్యనని చెబుతున్నాను. అందులో పెట్టే గుండీ లాంటి చిన్న బ్యాటరీని బిడ్డ మింగితే, అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

తల్లులకు ఒక మాట. ఏడాది లోపు బిడ్డ గొంతులో ఏదైనా అడ్డంపడి ఊపిరాడక, ఏడవలేక, దగ్గలేక గిలగిల్లాడుతుంటే కనిపించని దాని కోసం వేలు పెట్టి కెలకొద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య 5 సార్లు నొక్కాలి. అది బయటికి వచ్చేదాకా మార్చి మార్చి చెయ్యాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఆ పాత బొమ్మలు అమ్మినన్నాళ్లూ నాకీ సంగతి తెలియదు. బొమ్మ అమ్మే ప్రతివాళ్లకూ తెలియాలి.

మా గ్రూపుల మీద పర్యవేక్షణ చేసే అధికారులకు, హస్తకళల కార్యాలయాలకు, ప్రమాణాల సంస్థకు నాదొక విన్నపం. గుర్తింపు కార్డుతో పాటు ఒక్క రోజు శిక్షణ ఇవ్వండి. ఈ కొలతలు, ఈ గొట్టం, రంగు డబ్బా మీద చదవాల్సిన మాటలు తెలుగులో ఒక కాగితం మీద అచ్చు వేసి చేతికివ్వండి. గ్రూపులన్నీ కలిసి ఒక రంగును, ఒక నమూనాను ల్యాబులో పరీక్ష చేయించుకునే వీలు, మేం మోయగలిగే ధరలో కల్పించండి. చట్టాన్ని మాకు మినహాయించారు, చట్టం వెనకున్న తెలివిని కూడా మినహాయించకండి.

నాలాగా కుట్టే అక్కచెల్లెళ్లకు చెప్పేది ఇంతే. ఈ రోజు అమ్మబోయే బొమ్మను ముందు మీరే గట్టిగా లాగి చూడండి. ఊడినదేదైనా ఉంటే ఆ బొమ్మ అమ్మకండి. ఏ డబ్బాలో రంగు ఏమిటో తెలియకపోతే ఆ రంగు వెయ్యకండి. మీ పేరు నమోదు కాకపోతే వెంటనే చేయించుకోండి. మన చేతిపని మీద నమ్మకంతో జనం మన బొమ్మను బిడ్డ చేతిలో పెడుతున్నారు. పరీక్షించి చూసుకోని చేతికి ఆ నమ్మకం పొందే హక్కు లేదు.